గొరిల్లాగా మారే రోబో కొనేముందు

పుట్టినరోజుకి ఏం కావాలని అడిగితే మీ పిల్లవాడు "జంతువుగా మారే రోబో" అన్నాడనుకోండి. మీ అమ్మాయే అడిగి ఉండొచ్చు కూడా. ఈ బొమ్మలు మగపిల్లలవేనని ఎవరూ రాసిపెట్టలేదు. వెంటనే ఫోన్ తీసి ధరలు చూడకండి. పక్కన కూర్చోబెట్టుకుని "ఏ జంతువు కావాలి?" అని అడగండి. "చిరుతపులి" అనో "డేగ" అనో ఠక్కున చెప్పేస్తే ఆ పిల్లకి జంతువు మీద మనసుంది. "ఏదైనా సరే, మారితే చాలు" అంటే మార్చడం మీద మనసుంది. ఈ ఇద్దరికీ ఒకే బొమ్మ సరిపోదు. మొదటి పిల్లకి జంతువు రూపం కుదురుగా ఉండాలి, ఊరికే చేత్తో పట్టుకుని ఇల్లంతా తిప్పుకున్నా కాలో తోకో జారిపోకుండా ఉండాలి. రెండో పిల్లకి విప్పడంలో, మడవడంలో, తిప్పడంలో చేతినిండా పని ఉండాలి.

పెట్టె మీద ఎప్పుడూ రెండు చిత్రాలే వేస్తారు. ఒకవైపు రోబో, ఇంకోవైపు జంతువు. ఆ రెండూ బాగున్నాయనిపిస్తే మనం డబ్బులిచ్చేస్తాం. పిల్లలు మాత్రం ఎక్కువసేపు గడిపేది ఆ రెండింటి మధ్య ఉన్న దారిలో. 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడు శశిరేఖ రూపమెత్తాక మన ఇళ్లలో మూడు తరాలు కళ్లప్పగించి చూస్తూనే ఉన్నాయి. సావిత్రి నడకలోంచి, చూపులోంచి రాక్షసుడు తొంగిచూస్తుంటాడు గనకనే అంత ఇష్టం. ఒక రూపంలో ఇంకొకటి దాగి ఉందని తెలిసి ఆడుకోవడంలో పిల్లలకి దొరికే సంబరం కూడా ఇదే. అందుకే నేను మొదట చూసేది ఒక్కటే. దాగిన ఆ రూపాన్ని ఈ పిల్ల తన చేతులతో, ఎవరినీ పిలవకుండా, బయటికి తీసి మళ్లీ లోపల పెట్టగలదా? ధర, ఎత్తు, రంగు, సినిమాలో ఉన్నట్టే ఉందా లేదా అన్నవన్నీ దీని తర్వాత సంగతులు.

ఈ బొమ్మల పుట్టిల్లు జపాన్. టకారా అనే కంపెనీ 'డయాక్లోన్', 'మైక్రోమ్యాన్' పేర్లతో అమ్ముతున్న బొమ్మల్ని అమెరికా కంపెనీ హాస్‌బ్రో తీసుకుని 1984లో 'ట్రాన్స్‌ఫార్మర్స్' అని పేరుపెట్టి, వాటి చుట్టూ ఒక కథ అల్లించింది. మొదట్లో ఎక్కువగా కార్లు, లారీలు, విమానాలే. 1985లో డైనోబాట్స్ బొమ్మలు దుకాణాల్లోకి వచ్చాయి. వాటి నాయకుడు గ్రిమ్‌లాక్ టైరనోసారస్‌గా మారతాడు. 1996లో 'బీస్ట్ వార్స్' అనే కార్టూన్, దాని బొమ్మలు వచ్చి బళ్లన్నిటినీ పక్కన పెట్టేసి, నాయకుణ్నే గొరిల్లాను చేశాయి. పేరు ఆప్టిమస్ ప్రైమల్. అదే గొరిల్లా, చీటర్ అనే చిరుత, రైనాక్స్ అనే ఖడ్గమృగం, ఎయిరేజర్ అనే డేగ 2023లో 'రైజ్ ఆఫ్ ద బీస్ట్స్' సినిమాలో మళ్లీ కనిపించాయి. ఇవాళ్టి పిల్లలు ఈ పేర్లు పలుకుతున్నారంటే చాలావరకు ఆ సినిమా చలవే.

చరిత్రలో మీకు పనికొచ్చే ముక్క ఇంకొకటుంది. ఈ వరస బొమ్మల్లో బాల్ జాయింట్లు విరివిగా వాడడం 'బీస్ట్ వార్స్'తోనే మొదలైంది. ఒక ముక్కకి గుండ్రటి తల, ఇంకో ముక్కకి అది కూర్చునే గూడు. ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. పిల్లలు పట్టరాని ఉత్సాహంతో లాగితే చెయ్యి విరిగే బదులు ఊడి చేతిలోకి వస్తుంది. నొక్కితే టక్కుమని మళ్లీ కూర్చుంటుంది. పిన్నుతో బిగించిన కీలు అలా కాదు. అది తిరగాల్సిన దిక్కుకే తిరుగుతుంది, అడ్డదిడ్డంగా వంచితే విరుగుతుంది. ఎనిమిదేళ్లు నిండని పిల్లకి కొంటున్నప్పుడు భుజాల దగ్గర, తొడల దగ్గర బాల్ జాయింట్లున్న బొమ్మ దొరికితే అదే తీసుకోండి.

ఇక ఏ జంతువు అన్న ప్రశ్న దగ్గరికి వద్దాం. చాలామంది దీన్ని అందచందాల సంగతి అనుకుంటారు. నిజానికి బొమ్మ ఎంత కష్టమో తేల్చేది ఇదే.

గొరిల్లాను తీసుకోండి. దాని ఒంటికీ మనిషి ఒంటికీ తేడా తక్కువ. చెయ్యి చెయ్యిగానే ఉంటుంది, కాలు కాలుగానే ఉంటుంది. తల మారుతుంది, ఛాతీ మారుతుంది, వంగిన నడుం నిటారవుతుంది. అంతే. మొదటిసారి పట్టుకున్న పిల్లకి కూడా ఏది ఏమవుతుందో ఊహకి అందుతుంది. జంతువుగా మారే రోబోల్లో మొదటిది కొంటున్నవాళ్లకి నేను కళ్లు మూసుకుని గొరిల్లానే చెబుతాను. చిరుతపులి దానికంటే ఒక మెట్టు పైన. నాలుగు కాళ్ల మీద నిలబడే ఒళ్లు రెండు కాళ్ల మీదికి లేవాలి, చీటర్‌లోనైతే చిరుత ముఖం వచ్చి రోబో ఛాతీ మీద కూర్చోవాలి. మెగాట్రాన్ అనే టైరనోసారస్ దగ్గరికొస్తే విచిత్రం మొదలవుతుంది. డైనోసార్ తల రోబోకి కుడిచెయ్యి అవుతుంది. వేళ్లుండాల్సిన చోట పళ్లుంటాయి. పిల్లలకి ఇది ఎంత నచ్చుతుందో చెప్పలేను. ఆ చేత్తో సోఫాలనీ దిండ్లనీ కరిపిస్తూ తిరుగుతారు. గ్రిమ్‌లాక్ ఇంకా గడుసు. డైనోసార్ కాళ్లు రోబో చేతులవుతాయి, తోక చీలి రోబో కాళ్లవుతుంది. అంటే కింద ఉన్నది పైకి, వెనక ఉన్నది కిందికి. ఆరేళ్ల పిల్లకి ఇది విసుగు పుట్టించవచ్చు. తొమ్మిదేళ్ల పిల్లకి ఇదే అసలు రుచి.

ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. కొనకముందే రెండు రూపాల ఫొటోలూ పిల్లకి చూపించి, "ఈ తోక అక్కడ ఏమవుతుందంటావ్?" అని అడగండి. సరైన జవాబు రావాలని లేదు. తప్పు చెప్పినా, ఫొటోని తిప్పి తిప్పి చూస్తూ "కాదు కాదు, ఆగు" అంటుంటే ఆ బొమ్మ కొనొచ్చు. "ఏమో" అని పక్కకి పోతే ఇంకాస్త సులువైనది చూడండి.

పెట్టె మీద వయసు అంకె ఉంటుంది. దాన్ని గౌరవించండి. అంకె 3 అని ఉంటే చిన్న ముక్కలు మింగే ఈడు దాటిన పిల్లలకని అర్థం, 8 అని ఉంటే సన్నటి మడతలూ బిగువైన కీళ్లూ ఉంటాయని అర్థం. 'రెస్క్యూ బాట్స్' పేరుతో మూడేళ్లు దాటినవాళ్ల కోసం చేసినవాటిలో డైనోసార్లుగా మారేవి ఉన్నాయి; ఒకటి రెండు కదలికల్లో పని అయిపోతుంది, ముక్కలు లావుగా ఉంటాయి. సినిమాతో వచ్చినవాటిలో ఆరేళ్లవాళ్లకి ఉద్దేశించినవి కొద్ది మలుపుల్లోనే మారతాయి. 2021 నాటి 'కింగ్‌డమ్' వరసలోని ప్రైమల్, చీటర్, రైనాక్స్ లాంటివి ఎనిమిదేళ్లు దాటినవాళ్లవి. మా పిల్లవాడు చురుకైనవాడు, ఐదేళ్లకే ఇచ్చేద్దాం అనుకోకండి. పిల్ల తెలివి ఎంతున్నా ఐదేళ్ల వేళ్లకి ఎనిమిదేళ్ల వేళ్ల బలం ఉండదు. మడత ఎలా వెయ్యాలో తెలిసి కూడా వెయ్యలేకపోవడం చిన్నపిల్లలకి ఏడుపు తెప్పించే సంగతి.

డీలక్స్, వాయేజర్, లీడర్ అన్న మాటలు కూడా పెట్టె మీద కనిపిస్తాయి. అవి సైజులు. డీలక్స్ సుమారు 14 సెంటీమీటర్లు, వాయేజర్ 18కి దగ్గర, లీడర్ ఇంకాస్త పైన. ధర మాత్రం ఎత్తు పెరిగినట్టు నెమ్మదిగా పెరగదు. చిన్న చేతులకి వాయేజర్ నప్పుతుంది. అంతకంటే చిన్నదాంట్లో మడతలు సన్నబడతాయి, లాగడానికి గోళ్లు కావాలి. 'మాస్టర్‌పీస్' అని రాసి ఉన్నవి మాత్రం పిల్లలకి కొనకండి. టకారా టోమీ 2016లో తెచ్చిన మాస్టర్‌పీస్ గొరిల్లా చూడముచ్చటగా ఉంటుంది, అయితే అది పెద్దవాళ్లు అద్దాల బీరువాలో పెట్టుకునే వస్తువు. పిల్ల చేతికిచ్చి "జాగ్రత్త, జాగ్రత్త" అంటూ వెనకే తిరిగితే ఆటా ఉండదు, బొమ్మా ఉండదు.

దుకాణంలో విప్పి చూపించే అవకాశం ఉంటే వదులుకోకండి. బేగంబజారులోనో బెజవాడ వన్‌టౌన్‌లోనో మర్యాదగా అడిగితే షోకి పెట్టిన బొమ్మని చేతికిచ్చే దుకాణదారులు ఉంటారు. జంతువు రూపంలో బల్ల మీద నిలబెట్టండి. పాదాలన్నీ ఆనాయా? గొరిల్లాకైతే పిడికిళ్లు నేలకి తగలాలి. ఒకటి గాల్లో తేలుతుంటే ఆ బొమ్మ ఇంట్లో ప్రతిసారీ బోర్లాపడుతుంది. రోబో రూపంలో వేలితో ఛాతీ మీద మెల్లగా తట్టండి. వీపు మీద జంతువు ఒళ్లంతా మూటలా వేలాడుతుంటే వెనక్కి పడిపోతుంది. మిగిలిపోయిన ముక్కలు ఎంత తక్కువ వేలాడితే పనితనం అంత బాగున్నట్టు. కొద్దిగా వేలాడడం తప్పు కాదు. చిరుత తోక ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. జంతువు రూపంలో పొట్ట కింద తిప్పి చూడండి. అక్కడ రోబో ముఖం బట్టబయలుగా కనిపిస్తుంటే చేసినవాళ్లు సగంలో వదిలేశారన్నమాట. పిల్లలకి అది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, పెద్దవాళ్లమే పట్టించుకోం.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు కంపెనీ ఇచ్చిన ఫొటోలతో సరిపెట్టుకోకుండా, ఎవరైనా బొమ్మని మొదటినుంచి చివరిదాకా మార్చి చూపించే వీడియో ఒకటి చూడాలి. వేగం పెంచి చూపించేది కాదు, మామూలు వేగంలో ఉన్నది. చూపించే మనిషి ఎక్కడైనా తడబడినా, ముక్కని బలవంతంగా తోసినా, ఆ చోటు గుర్తుపెట్టుకోండి. మీ పిల్ల ఆగిపోయేదీ అక్కడే.

జాగ్రత్తల దగ్గర మాత్రం మొహమాటం వద్దు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. దిగుమతి చేసి అమ్మేవాటికీ ఇదే నిబంధన. గుర్తు దగ్గర సీఎం/ఎల్ అక్షరాలతో లైసెన్సు నంబరు ఉంటుంది. 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరికిచ్చిన లైసెన్సో, నడుస్తోందో లేదో చూపిస్తుంది. రెండు నిమిషాల పని. అమెరికా నుంచి మేనమామ తెచ్చిన బొమ్మ మీద ఈ గుర్తు ఉండదు, అక్కడి ప్రమాణాలు వేరు. దానికి వయసు అంకె చూసుకోండి. దిగుమతి బొమ్మల మీద సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. అసలు బొమ్మకి ఆ ధర ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది. పావు ధరకే అదే గొరిల్లా దొరుకుతోందంటే అది నకలు. రంగు ఏమిటో, ప్లాస్టిక్ ఏమిటో తెలియని నకలు నోట్లో పెట్టుకునే పిల్లలున్న ఇంట్లోకి రాకూడదు.

ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే ఇంకో సంగతి చూడాలి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించేవాళ్లు 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక గొట్టం వాడతారు. ముక్క పూర్తిగా అందులో పట్టేస్తే అది పసిపిల్లల గొంతుకి అడ్డం పడగలదని లెక్క. రోబో కత్తులు, తుపాకులు, ఊడివచ్చే పిడికిళ్లు లాంటి చిన్న ముక్కలు చాలావరకు అందులో పడతాయి. ఎనిమిదేళ్ల అన్నకి కొన్న బొమ్మ ఏడాది నిండిన చెల్లెలికి ప్రమాదం. ఆయుధాలన్నీ మూతున్న డబ్బాలో పెట్టి, మంచం మీదో బల్ల మీదో మాత్రమే తియ్యాలన్న నియమం మొదటిరోజే పెట్టండి. లైట్లు, గర్జనలు వచ్చే బొమ్మల్లో బిళ్ల బ్యాటరీలు ఉండొచ్చు. ఆ మూతకి తప్పకుండా స్క్రూ ఉండాలి, గోటితో ఊడిరాకూడదు. బిళ్ల బ్యాటరీ మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా ఉన్నపళంగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్ప్రింగుతో ఎగిరే క్షిపణులున్న పాత బొమ్మలుంటే ఆ క్షిపణులు తీసి దాచేయండి. కంటికి దగ్గరగా పెట్టి లోపలికి చూడడం పిల్లల అలవాటు.

నాన్నలకి ప్రత్యేకంగా ఒక మాట. మీరు చిన్నప్పుడు ఆడుకున్న 'బీస్ట్ వార్స్' బొమ్మని ఎక్కడో వెతికి తెప్పించి కొడుక్కి ఇవ్వాలన్న కోరిక ముచ్చటైనదే. అయితే ఆ కాలపు బొమ్మల్లో బంగారు రంగు మెరుపు కలిపిన ప్లాస్టిక్ కొన్ని ఏళ్లకి పెళుసుబారి, పట్టుకుంటేనే పొడిపొడిగా విరుగుతుంది. సేకరించేవాళ్లకి ఇది బాగా తెలిసిన జబ్బు. పిల్ల చేతిలో విరిగితే తప్పు తనదనుకుంటుంది. దాన్ని మీ అలమరలో ఉంచుకుని, పిల్లకి కొత్తది కొనండి.

బొమ్మ ఇంటికి వచ్చాక అసలు మీ పని మొదలవుతుంది. పిల్ల ఒక మడత దగ్గర ఆగి "అమ్మా, రావట్లేదు" అనగానే మన చెయ్యి ముందుకుపోతుంది. లాక్కుని, ఠక్కున మార్చేసి, "ఇదిగో" అని ఇచ్చేస్తాం. ఇలా నాలుగుసార్లు జరిగాక పిల్ల ప్రయత్నించడం మానేస్తుంది. బొమ్మ ఒకే రూపంలో మిగిలిపోతుంది. దీనికో దారుంది. చివరినుంచి నేర్పండి. గొరిల్లాని రోబోగా మార్చే పనంతా పిల్ల చూస్తుండగా మీరే చేసి, ఆఖరి కదలిక ఒక్కటి ఆపండి. రోబో తల బయటికి తీయడం లాంటిది. ఆ ఒక్కటి పిల్ల చెయ్యాలి. మరుసటిసారి చివరి రెండు. ఆ తర్వాత మూడు. ఇలా చేస్తే ప్రతిసారీ పని పూర్తిచేసిన చెయ్యి పిల్లదే అవుతుంది. మొదటినుంచి నేర్పితే ప్రతిసారీ మధ్యలో ఆగిపోయి ఓడిపోయినట్టుంటుంది. చేతిపనులు నేర్పే థెరపిస్టులు చొక్కా గుండీలకీ బూటు లేసులకీ ఇదే పద్ధతి వాడతారు.

ముక్క కదలకపోతే బలం వాడొద్దని చెప్పండి. పక్క ముక్క ఏదో అడ్డం ఉండి ఉంటుంది. "ముందు ఏది జరగాలి?" అని మీరు అడగండి, జవాబు మీరు చెప్పకండి. ఎలా మార్చాలో చూపిస్తూ పెట్టెలో ఇచ్చే కాగితాన్ని పారేయకండి. అక్షరాలు సరిగ్గా రాని పిల్ల కూడా బాణం గుర్తుల్ని చదవగలదు. ఆ కాగితం అలమర తలుపు లోపలివైపు అంటించేస్తే వెతుక్కునే పని ఉండదు.

"ఇవన్నీ కొట్లాట బొమ్మలు కదా" అని నాయనమ్మలు, అమ్మమ్మలు అంటారు. ఆ భయాన్ని తోసెయ్యకూడదు. 'బీస్ట్ వార్స్' పేరులోనే యుద్ధం ఉంది. కెనడాలో ఆ కార్టూన్‌ని 'బీస్టీస్' అన్న పేరుతోనే వేశారు. అయినా ఆ కథ లోపలికి వెళ్లి చూడండి. కెనడాలోని వాంకూవర్‌కి చెందిన మెయిన్‌ఫ్రేమ్ స్టూడియో 1996 నుంచి 1999 దాకా తీసిన 52 భాగాల కథ అది. రోబోలు దిగిన గ్రహం మీద ఎనర్జాన్ అనే శక్తి మితిమీరి ఉంటుంది. రోబో రూపంలో ఎక్కువసేపు ఉంటే దెబ్బతింటారు. అందుకే జంతువు రూపంలోకి వెళ్లి తలదాచుకుంటారు. జంతువు రూపం అక్కడ పొంచి కొట్టడానికి మాత్రమే కాదు, ప్రాణం నిలుపుకోవడానికి కూడా. డైనోబాట్ అనేవాడు మొదట చెడ్డవాళ్ల పక్షం, తర్వాత ఇటు వస్తాడు, చివరికి ఆదిమానవుల్ని కాపాడుతూ ప్రాణం విడుస్తాడు. ఇదంతా మీ పిల్లకి మీరే కథగా చెప్పండి. ఆటలో రోబోలు కొట్టుకుంటుంటే "ఎనర్జాన్ ఎక్కువైపోయింది, ఇద్దరూ జంతువులైపోవాలి" అని ఒక మాట అందించండి. కొట్లాట ఆగుతుంది, చేతులు మడతల పనిలో పడతాయి, ఆ తర్వాత అడవిలో ఏం తింటారు, ఎక్కడ పడుకుంటారు అన్న ఆట మొదలవుతుంది. నిజంగా పక్కపిల్లని కొడితే మాత్రం బొమ్మని ఆ పూటకి తీసి పైన పెట్టండి, ఉపన్యాసం అక్కర్లేదు.

ఒకటి కొన్నాక రెండోదానికి తొందరపడకండి. పెట్టె వెనక మిగతా జట్టంతా వరసగా ముద్రించి ఉంటుంది, పిల్ల వేలు పెట్టి ఒక్కొక్కటీ చూపిస్తుంది. "ఇది కళ్లు మూసుకుని మార్చగలిగినప్పుడు ఇంకోటి గురించి మాట్లాడుకుందాం" అనండి. అది కోపంతో పెట్టే షరతులా కాకుండా ఆటలో పందెంలా వినపడాలి. చాలామంది పిల్లలు నిజంగానే కళ్లు మూసుకుని ప్రయత్నిస్తారు. ఇంట్లో ఎవరు పడితే వారు కొనిపెట్టడం మొదలైతే ఈ పందెం చెల్లదు గనక, మావయ్యలకీ బాబాయిలకీ ముందే చెప్పి ఉంచండి.

ఆడగా ఆడగా బాల్ జాయింట్లు వదులవుతాయి. గొరిల్లా చెయ్యి ఎత్తి పెడితే జారిపోతుంటుంది. బొమ్మ పాడైందనుకోకండి. ఆ చెయ్యి ఊడదీసి, గుండు మీద రంగులేని గోళ్ల పాలిష్ పల్చగా ఒక పూత పూయండి. ఇది మీరే చెయ్యాలి, కిటికీ తీసి ఉంచాలి. ఒక రాత్రంతా ఆరనివ్వండి. పూర్తిగా ఆరకముందు గూట్లోకి నొక్కితే కీలు అతుక్కుపోతుంది. ఆరాక నొక్కి చూస్తే బిగువుగా కూర్చుంటుంది; ఇంకా జారుతుంటే మరో పూత. ఊడదీసేటప్పుడు, మళ్లీ పెట్టేటప్పుడు పిల్లని పక్కన ఉంచుకోండి, నొక్కే పని తనకే ఇవ్వండి.